శాంత మాసం

నమోదు 611

పై తొట్టి సగం ఉంది. కింది తొట్టి నిండింది. తూర్పు గట్టు మీద రెండు మంచు వలలు చిరిగాయి. రేపు కుట్టించాలి. గాలి ఎక్కువ, మంచు తక్కువ.

ఇది నీటి కేంద్రం దినచర్య. తొట్టి మట్టాలు, వలల మరమ్మతులు రాయడానికి పెట్టింది. పైవాళ్ళు మట్టాలు తప్ప ఇంకేమీ చూడరు. మిగిలిన జాగాలో నేను వేరే సంగతులు రాసుకుంటున్నాను. ఇంట్లో కూర్చుంటే రాయలేకపోతున్నాను.

ఈ రోజు బంగారమ్మకు శాంత మాసం మొదలైంది. బంగారమ్మ నా మరదలు, మా ఆవిడ పైడితల్లికి చెల్లెలు. అక్కచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే ముక్కు, ఒకటే గొంతు, ఒకటే గుండె జబ్బు. వాళ్ళమ్మ నుంచి వచ్చింది. గుండె కండరం పలచబడిపోతుంది. దాని మీద కొత్త కణాల పొర అతికిస్తే మనిషి చాలా ఏళ్ళు బతుకుతుంది. హృదయశాలలో ఆ అతుకు వేస్తారు. కానీ ముందు నెల రోజులు గొంతెత్తకుండా ఉండి చూపించాలి.

పైడితల్లి పోయి ఏడాది కావస్తోంది. తను కూడా శాంత మాసంలోనే పోయింది.

సాయంత్రం బంగారమ్మ మా ఇంటికొచ్చింది. గొంతు లేస్తే గుర్రుమనే ఛాతీ పట్టీకి ఎర్ర దారం కట్టి పంపారు. గుమ్మంలో నిలబడి గుసగుసగా, "బావా, అన్నం తిన్నావేటి?" అంది. ఆ గుసగుసకు పక్కింటి కుక్క లేచి నిలబడింది.

"తిన్నాను" అన్నాను.

"అబద్ధం. పొయ్యి సల్లగా ఉంది."

పట్టీ గుర్రుమంది. బంగారమ్మ దాన్ని అరచేత్తో అదిమి పట్టుకుని, "ఓలమ్మా, దీని జిమ్మడ" అంది. ఇంకోసారి గుర్రుమంది.

మొదటి రోజే రెండు. మూడోది వస్తే నెల మళ్ళీ మొదటికొస్తుంది. నేను వేలు నోటి మీద పెట్టుకుని చూపించాను. తను కళ్ళతో నన్ను తిట్టి, కొర్రన్నం వార్చి పెట్టి వెళ్ళిపోయింది.

నమోదు 614

పై తొట్టి సగానికి తక్కువ. వలలు కుట్టారు.

రేవు సముద్రంలో కలిసిపోయాక ఇక్కడికొచ్చిన వాళ్ళందరూ వలల మనుషులే. చేపలు లేవు కాబట్టి ఇప్పుడు మంచు పడుతున్నారు. గట్టు మీద గడలకు వలలు కడితే తెల్లవారేసరికి నీళ్ళు కారుతాయి. ముడి వేయడంలో మార్పేమీ లేదంటారు. నేను రేవువాణ్ణి కాను. రాజాం వైపు మెట్ట పొలాల వాళ్ళం. కాలేజీలో లెక్కలు చదివి, సముద్రం ఎంత ముందుకొచ్చిందో కొలిచే ఉద్యోగంలో రేవుకెళ్ళాను. మొదటి రోజే ఆరేసిన వల మీద నిలబడ్డాను. అరమైలు దూరం నుంచి ఒకమ్మాయి కేక వేసింది. ఆ కేకలో నా వంశం మొత్తం ఉంది. తర్వాత ఆవిణ్ణే పెళ్ళి చేసుకున్నాను.

ఇంటికి తిరిగొచ్చే దారిలో నిచ్చెన ఎక్కుతుంటే ఎడమ భుజం లాగింది. బరువు మోసినందువల్ల కావచ్చు.

నా పట్టీకి తెల్లదారం. నెమ్మదస్తుణ్ణని. అందరం ఒకే తిండి తింటున్నాం, అందరం ఒకే గట్టు ఎక్కి దిగుతున్నాం, పొగాకు మొలకే లేదు ఈ కొండ మీద. అయినా కొందరి గుండె ఆగుతోంది, కొందరిది ఆగడం లేదు. తేడా స్వభావంలోనే ఉందని హృదయశాల తేల్చింది. కోపిష్టులకు వేసిన అతుకు నిలవదట. అందుకని దారాలు. రేవు జనం ముప్పావు వంతు మందికి ఎర్రదారమే వచ్చింది.

బంగారమ్మ ఇవాళ ఒక్కసారి కూడా గుర్రుమనిపించలేదు. ఆవిడకు పెదవి పగిలింది. కొరుక్కుంటోంది.

నమోదు 617

పై తొట్టి పావు వంతు. పైవాళ్ళు అడిగారు. మంచు లేదని రాశాను.

పొద్దున్నే గట్టు మీద నిలబడితే ఊరు మరీ నిశ్శబ్దంగా ఉంటోంది. నిరుడు ఇలా ఉండేది కాదు. తెల్లవారగానే పిలుపు ఉండేది. చివరి మెట్టు ఇంటావిడ పక్కింటావిణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది. ఆవిడ 'ఓ' అని పలికి, తన పక్కింటిని పిలుస్తుంది. అలా కొండ మొత్తం చుట్టి వచ్చేది. రేవులో తుఫాను రాత్రుల తర్వాత పుట్టిన అలవాటు. ఎవరిల్లు నిలిచిందో, ఎవరిల్లు పోయిందో తెలియడానికి. పలకని ఇంటికి వెళ్ళి తలుపు తోసి చూసేవాళ్ళు. ఇక్కడ తుఫాను లేదు, అయినా మానలేదు. పలికిన తర్వాత ఊరుకునేవాళ్ళు కూడా కాదు. "రాత్రి నీ మొగుడి గురక నా పొంతకుండలో నీళ్ళు కదిపీసింది" అని ఒకావిడ, "నీ పొంతలో నీళ్ళెప్పుడున్నాయే" అని ఇంకొకావిడ.

హృదయశాల వాళ్ళ నివేదికలో దీన్ని 'ఉదయపు కలహం' అని రాశారు. పట్టీలు వచ్చాక ఒక్కో ఇల్లూ మానేసింది. ఎర్రదారం పడితే అతుకు ఆలస్యమవుతుందని భయం.

సాయంత్రం బంగారమ్మ ఇంట్లో గోడ పలక చూశాను. పట్టీ కొలిచినవన్నీ ఆ పలక మీద కనిపిస్తాయి. గొంతు గీత నేలబారుగా ఉంది. బాగుందని పచ్చ గుర్తు పెట్టారు. దాని కింద గుండె గీత ఉంటుంది, ఎవరూ చూడరు. అది వారం నుంచి మెల్లగా పైకి పోతోంది.

"ఏటి సూస్తున్నావు బావా?" అని గొంతు నొక్కుకుని అడిగింది.

"ఏమీ లేదు. నిద్ర పడుతోందా?"

"మాటాడకుండా తొంగుంటే నిద్రెలగొస్తాది? లోపలంతా సంత లాగుంది."

నమోదు 622

పై తొట్టి నిండింది. దట్టమైన మంచు. పడమటి గట్టు మీద పెద్ద గడ విరిగింది. మనుషులకు దెబ్బలు లేవు.

మంచులో చేయి చాపితే చేయి కనబడని పొద్దు. బంగారమ్మ పై వరసలో, వరహాలమ్మ లోయకు అవతల కింది వరసలో వలలు దులుపుతున్నారు. వరహాలమ్మ ఆ అక్కచెల్లెళ్ళకు వరసకు పిన్ని, అరవై దాటిన మనిషి. నేను తొట్టి దగ్గరున్నాను. గడ చిట్లిన చప్పుడు విన్నాను కానీ ఎటువైపో తెలియలేదు. బంగారమ్మకు తెలిసింది.

"ఒలే వరాలా! ఎనక్కి! ఎనక్కి దూకే ముసిలీ!"

ఏడాది తర్వాత ఆ కొండ మీద అలాంటి కేక విన్నాను. వరహాలమ్మ వెనక్కి దూకింది. గడ, వలతో సహా, ఆవిడ నిలబడ్డ చోటే పడింది. తర్వాత లోయ అవతలి నుంచి చిన్నగా, "ముసిలెవుర్తే? నీ అమ్మ ముసిలి" అని వినిపించింది.

బంగారమ్మ నేల మీద కూర్చుని నవ్వింది. నవ్వుకు పట్టీ ఇంకోసారి గుర్రుమంది. అప్పటికి ఎన్నోదో లెక్క పెట్టుకోలేదు. సాయంత్రానికి హృదయశాల నుంచి కబురు. శాంత మాసం రేపటి నుంచి మళ్ళీ మొదలు.

"మనిషి ప్రాణం కాపాడ్డానికి అరిచింది" అని కబురు తెచ్చినతనితో చెప్పాను.

"కారణాలు పట్టీకి తెలీవు కదండీ" అన్నాడు. అతను చెప్పింది నిజమే.

బంగారమ్మ మెట్టు మీద కూర్చుని ఎర్రదారాన్ని వేలికి చుట్టుకుంటోంది. "అక్కకి కూడా ఇలగే రెండుసార్లు మొదటికొచ్చింది కదా బావా" అంది. గుసగుసగానే. "మూడోసారి మరి నోరిప్పనేదు. అంత పంతం అక్కకి."

తొట్టి మూత వేసి రావాలని లేచాను.

నమోదు 623

పై తొట్టి నిండుగా. గడ మార్చారు.

రాత్రి బంగారమ్మ గోడ పలక మళ్ళీ చూశాను. నిన్న పొద్దున కేక వేసిన క్షణంలో గుండె గీత ఎగిరింది. అది ఎవరికైనా ఎగురుతుంది. తర్వాత పడింది. నవ్వినప్పుడు ఇంకా పడింది. నిన్న సాయంత్రం దాకా, ఈ మధ్య ఎన్నడూ లేనంత కిందికి. కబురు వచ్చాక తను నోరు మూసుకుంది. గీత లేచి కూర్చుంది.

హృదయశాలకు వెళ్ళాను. డాక్టర్ హైమవతి గారు పైడితల్లిని కూడా చూసినావిడ. గదిలో ఆవిడ ఒక్కరే ఉన్నారు, టిఫిను డబ్బా మూత తీసి, తినకుండా.

"కూర్చోండి నాయుడుగారూ. మీకేమైనా ఇబ్బందా?"

"నాకు కాదు. దారాన్ని గొంతు బట్టి ఇస్తున్నారు. గుండె గీత కూడా పట్టీలోనే ఉంది. దాన్ని బట్టి ఎందుకివ్వరు?"

"గుండె కొండెక్కినా పెరుగుతుంది, జ్వరమొచ్చినా పెరుగుతుంది. గొంతు అలా కాదు. లక్షమంది మీద చూసి తేల్చిన సూత్రమండీ. గొంతు పెద్దదైతే కోపం ఎక్కువ. కోపం ఎక్కువైతే గుండెకు చేటు. రెండోది ఎప్పటి నుంచో తెలిసిన సంగతే."

"రెండోదానితో నాకు పేచీ లేదు. ఆ లక్షమందిలో రేవు జనం ఎంతమంది?"

ఆవిడ డబ్బా పక్కకు జరిపారు. "అప్పటికి మీరంతా రేవులోనే ఉన్నారు. మా లెక్కలన్నీ నగరాల్లో తీసినవి."

"అలల హోరులో పడవ మీది మనిషికి వినపడాలంటే అరవాలి. పుట్టినప్పటి నుంచీ అరుస్తారు. అన్నం పెట్టేటప్పుడూ అరుస్తారు. అది కోపం కాదు."

"అని మీరంటున్నారు. నేను ఒప్పుకున్నా నా చేతిలో లేదు." తర్వాత గొంతు తగ్గించారు. "దారం మార్చడానికి ఒక పరీక్ష ఉంది. ఎవరూ అడగరు. రోగి తన మనిషితో తగువు పడాలి, మా ముందు. రెండు వైపులా గొంతు లేవాలి. గొంతు లేచినా గుండె నిలకడగా ఉంటే ఎర్రదారం తీసేస్తాం."

"లేకపోతే?"

"అతుకు జాబితా నుంచే తీసేస్తాం. అందుకే ఎవరూ అడగరు."

"బంగారమ్మ ఇంకో నెల ఆగగలదా?"

ఆవిడ డబ్బా మూత పెట్టేశారు. "నన్నడిగితే ఆగలేదు."

నమోదు 624

పై తొట్టి ముప్పావు.

బంగారమ్మకు చెప్పాను. మొత్తం చెప్పాను, జాబితా సంగతి కూడా. తను వెంటనే, "అడుగు" అంది.

"ఆలోచించుకో."

"నోరు మూసుకుని సావడానికా ఆలోసన? ఎవుర్తో తగువాడాలి? వరాలు ఉందిగా."

వరహాలమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆవిడ మమ్మల్ని లోపలికి పిలిచి తలుపు వేసింది. వచ్చే నెలలో ఆవిడకూ పరీక్షలున్నాయి. దారం ఇప్పటికే ఎర్రది.

"నాను రాలేనే బంగారీ" అంది. "నువ్వు నా పేణం నిలబెట్టినావు, కాదనను. గానీ అక్కడికొచ్చి అరిసినాననుకో, నా పేరూ కొట్టీస్తారు. మనవరాలు సిన్నది, నాను పోతే ఎవుర్నీ తిట్టి బతకనేదు, అంత మెతక." ఏడ్చింది. ఏడుపు కూడా నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టే ఉంది.

ఇంకో రెండిళ్ళకు వెళ్ళాం. అవే మాటలు.

తిరిగొస్తూ బంగారమ్మ నన్ను ఎగాదిగా చూసింది. నాకు అర్థమైంది.

"నాకు రాదు" అన్నాను.

"తెలుసు. ఇరవై ఏళ్ళలో నువ్వు అరిసింది ఒక్కసారే. కాలి మీద రోలు పడినప్పుడు. అదీ 'అబ్బా' అని మెల్లగా."

"నీ ప్రాణం మీద పందెం ఇది. తగువు పడడం తెలిసిన మనిషి కావాలి."

"మరెవురున్నారు బావా?"

నమోదు 626

మట్టాలు తర్వాత రాస్తాను.

గది చిన్నది. రెండు కుర్చీలు. గోడ మీద రెండు పలకలు, తనదొకటి, నాదొకటి. ఆ గదిలోకొచ్చిన పట్టీలన్నీ పలక మీద కనబడతాయట. అద్దం అవతల హైమవతి గారు, ఇంకో పెద్ద డాక్టరు.

"తిట్టు బావా" అంది బంగారమ్మ.

"దేనికి?"

"దేనికేటి! ఒండిన కూర బాగునేదని తిట్టు."

"బాగానే ఉంది కదా."

"ఓలమ్మో, ఈయనతోటి ఎలగ సచ్చేది!" అని తనే మొదలుపెట్టింది. నా తువ్వాలు మంచు వల మీద ఆరేస్తానని. దీపం వెలిగించకుండా చీకట్లో కూర్చుంటానని. పలకరిస్తే పావు మాట చెబుతానని, ఆ పావు కూడా అప్పిచ్చినట్టు ఇస్తానని. గొంతు గీత పలక అంచుకు తగిలింది. గుండె గీత కొంచెం లేచి, సర్దుకుంది. నేను "అవును", "నిజమే" అంటున్నాను.

అద్దం అవతల నుంచి పెద్ద డాక్టరు గొంతు వినిపించింది. "ఇది తగువు కాదండీ. అవతలి మనిషి నుంచి కూడా రావాలి. రాకపోతే పరీక్ష చెల్లదు. ఇప్పుడు మొదలుపెట్టాం కాబట్టి చెల్లకపోతే పోయినట్టే."

బంగారమ్మ నా వైపు చూసింది. భయపడింది. నేను గట్టిగా ఏదో అనబోయాను. దగ్గు వచ్చింది.

అప్పుడు తను గొంతు మార్చింది.

"అక్క పోయినప్పుడు నువ్వు ఏడవనేదు బావా. రేవోళ్ళం అందరం సూసినాం. పాడె ఎత్తుతుంటే నువ్వు తొట్టి కాడికెల్లినావు."

"తొట్టి పొంగుతోంది."

"పొంగనీ! మా అక్క కంటే ఎక్కువేటి నీకు తొట్టి? కొండ మీద ఒక్కరు ఏడవనేదు, పట్టీలకి బయపడి. నువ్వు తెల్లదారం మనిసివి, నువ్వెందుకు ఏడవనేదు? నీకు నొప్పి నేదు. నీకు అక్కంటే..."

"పిలవలేదు!"

అది నా గొంతే. నాకు కొత్తగా ఉంది.

"మీ అక్క నన్ను పిలవలేదు! మేడ మీదే ఉన్నాను, వలకు ముడి వేస్తున్నాను. కింద వంటింట్లో పడింది. ఒక్క కేక వేస్తే ఒక్క గంతులో దిగేవాణ్ణి. వేయలేదు! నోట్లో కొంగు కుక్కుకుంది. కేక రాకుండా కొంగు కుక్కుకుంది. నేను దిగి చూసేసరికి కొంగు నోట్లోనే ఉంది. నేనే తీశాను. ఎవరికీ చెప్పలేదు. పట్టీ చూస్తే ఒక్కసారి కూడా గుర్రుమనలేదు. పలక పచ్చగా ఉంది! ఈ కొండ నుంచి ఆ కొండకు వినబడే మనిషి, నాకు వినబడకుండా చచ్చిపోయింది!"

ఇంకా ఏవో అన్నాను. గుర్తు లేవు. కుర్చీ కింద పడి ఉంది, నేనే తన్ని ఉంటాను.

బంగారమ్మ నిలబడిపోయింది. ఆ సంగతి తనకు తెలియదు. తర్వాత అంత గొంతూ ఎత్తింది, నా మీద కాదు, పైకప్పు మీదికి.

"ఒలే అక్కా! దొంగ ముండా! పిలవొచ్చు గదే! అతుకు పోతే పోనాదని పిలవొచ్చు గదే! మొగుణ్ణి మేడ మీద ఎట్టుకుని, కొంగు కుక్కుకున్నావటే!"

రేవులో చనిపోయిన మనిషిని అలాగే తిడతారు. పైడితల్లిని అప్పుడెవరూ తిట్టలేదు. ఏడాది ఆలస్యంగా, నాలుగు గోడల మధ్య, ఆ తిట్లు వచ్చాయి. చాలా సేపు వచ్చాయి.

నేను పలకలు చూశాను. అలవాటు. తన గొంతు గీత పలక దాటిపోయింది. గుండె గీత కిందికి దిగుతోంది, నిదానంగా, కుదురుగా, నిద్రపోతున్న మనిషిదిలా. పక్క పలక మీద నా గీత గీతలా లేదు.

తలుపు తెరుచుకుంది. హైమవతి గారు బంగారమ్మను దాటుకుని నా దగ్గరికొచ్చారు. "కూర్చోండి" అన్నారు. "నాయుడుగారూ, వెంటనే కూర్చోండి."

నమోదు 629

మట్టాలు వరహాలమ్మ మనవరాలు చూసి చెబుతోంది. పై తొట్టి సగం.

నన్ను ఇక్కడే ఉంచారు. మందులు. మెట్లు ఎక్కకూడదు.

బంగారమ్మ ఎర్రదారం తీసేశారు. పెద్ద డాక్టరు సంతకం పెడుతూ, ఇది ఒక్క మనిషికే వర్తిస్తుందని, సూత్రం మారలేదని రెండుసార్లు చెప్పాడట. వచ్చే వారం అతుకు.

నా తెల్లదారం కూడా తీసేశారు. సాయంత్రం హైమవతి గారు వచ్చి నా మంచం పక్కన కూర్చున్నారు.

"మీ పాత గీతలన్నీ చూశాను. ఏడాదిగా ఇలాగే ఉన్నాయి. పట్టీ చూపిస్తూనే ఉంది. గొంతు లేదు కదా అని మేమెవరం చూడలేదు."

"ఇప్పుడు ఏ దారం కడతారు?"

"తెలియదండీ. లోపల పెట్టుకుని గట్టిగా మూత బిగించుకునే వాళ్ళకు మా దగ్గర రంగు లేదు. మిమ్మల్ని నెమ్మదస్తులతో కలిపేశాం."

ఆవిడ లేవకుండా అలాగే కూర్చున్నారు. అలిసిపోయి ఉన్నారు. "మీ ఆవిడ విషయంలో నేను..." అని ఆగారు.

"మీరు సూత్రం ప్రకారం చేశారు" అన్నాను. ఓదార్చడానికి అనలేదు. నిందించడానికీ అనలేదు.

"మాత్రలు రాశాను. అవి సగమే పనిచేస్తాయి. మీరు రోజూ ఎవరితోనైనా మాట్లాడాలి. ఇది కూడా మందే అనుకోండి."

"ఏం మాట్లాడాలి?"

"ఆ గదిలో మాట్లాడారు కదా."

నమోదు 636

పై తొట్టి ముప్పావు. మంచు బాగా పడుతోందట.

బంగారమ్మను లోపలికి తీసుకెళ్ళారు. పోతూ పోతూ, "బావా, నాను సస్తే తొట్టి కాడికెల్లిపోకు" అంది, వరండా మొత్తానికి వినబడేలా. నర్సు ఉలిక్కిపడి తన పట్టీ తనే పట్టుకుంది.

వరహాలమ్మ వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది. కాసేపటికి మెల్లగా, "కొంగు సంగతి బంగారి సెప్పింది" అంది.

నేను తల ఊపాను. ఊపి, ఇక చాలదని గుర్తొచ్చి, "నీలిరంగు చీర అది" అన్నాను. "అంచు మీద చేపలుండేవి."

"తెలుసు. నాను కొన్నదే. పండక్కి కట్టుకుందారని పైడితల్లి అడిగి పట్టుకుపోనాది. తిరిగివ్వనేదు."

"ఎప్పుడు?"

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. పైడితల్లి ఎగ్గొట్టిన చీరలు, పోగొట్టిన గిన్నెలు, పెళ్ళికి ముందు నా గురించి రేవంతా అరిచి చెప్పిన మాటలు. కొన్ని నాకు తెలియనివి. డాక్టరు తలుపు తెరిచి అతుకు వేయడం అయిందని చెప్పేసరికి సాయంత్రమైంది. గుండె దాన్ని తోసెయ్యకుండా ఉంచుకుందో లేదో పది రోజులకు గానీ చెప్పలేమన్నారు.

నమోదు 658

పై తొట్టి నిండింది. కింది తొట్టి నిండింది. వలలన్నీ బాగున్నాయి.

అతుకు నిలిచింది. నిన్న బంగారమ్మ ఇంటికొచ్చింది. నేను అంతకు ముందే వచ్చాను. నాకు కూడా అతుకు వేయాలట. జాబితాలో చాలా కింద ఉన్నాను. సరే.

పొద్దున్న మంచు ఇంకా విడలేదు. నేను గుమ్మంలో కూర్చుని మాత్ర వేసుకుంటున్నాను. చివరి మెట్టు మీద, బంగారమ్మ ఇంటి నుంచి వినబడింది.

"ఒలే వరాలా!"

పిలుపు. ఏడాది పైన అయింది విని. కొండ మొత్తం గుండె బిగబట్టుకున్నట్టు ఉంది. అందరికీ పట్టీలున్నాయి. బంగారమ్మకు తప్ప అందరికీ భయం మామూలే. వరహాలమ్మ పలకలేదు. బంగారమ్మ మళ్ళీ పిలిచింది. ఇంకోసారి పిలిచింది. తర్వాత, తలుపు వెనక నుంచి కాబోలు, "ఓ" అని చిన్నగా వచ్చింది.

వరహాలమ్మ పక్కింటిని పిలవాలి. పిలవలేదు. వరస తెగింది. బంగారమ్మ ఆగలేదు, ఆ ఇంటినీ తనే పిలిచింది. "నూకాలూ!" పలకలేదు. "ఎర్రమ్మా!" పలకలేదు. ఒక్కో ఇంటికి మూడు పిలుపులు, కాసేపు ఆగడం, తర్వాత ఇల్లు. కొత్త అతుకు మీద ఆ గొంతు ఎలా ఎత్తుతోందో అని లేచి నిలబడ్డాను.

తర్వాత మా ఇంటి వంతు వచ్చింది. రేవులో ఇంటిని ఆడమనిషి పేరుతోనే పిలుస్తారు. ఆవిడ పోయినా ఇంకో ఆడమనిషి ఆ ఇంట కాపురానికి అడుగుపెట్టేదాకా ఆ పేరే. ఆ సంగతి నేను మరిచిపోయాను.

"పైడితల్లీ!"

మంచులో ఆ పేరు గట్టుకు తగిలి మళ్ళీ వచ్చింది.

"పైడితల్లీ!"

ఓ అన్నాను. అంత దూరం పోలేదు. మూడోసారి పిలిచి, పలక్కపోతే జబ్బు మనిషి ఇల్లని మా ఇంటికైతే వచ్చి తలుపు తోస్తుంది. అంత మెట్లు ఎక్కకూడదు తను.

"పైడితల్లీ!"

రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, ఉన్నంత గొంతుతో పలికాను. పట్టీ గుర్రుమంది.